నమ్మేవాళ్ళున్నారని నమ్మి

2021 సెప్టెంబరు చివర్లో బ్రిటన్‌లో బీపీ కంపెనీ ఒక మాట బయటపెట్టింది. ట్యాంకర్లు నడిపే డ్రైవర్లు చాలక తమ బంకులు కొన్ని మూసేయాల్సి వస్తోందని. కొన్ని అంటే వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. దేశం మొత్తం మీద ఎనిమిది వేల పైచిలుకు బంకులున్నాయి, రిఫైనరీల్లో పెట్రోలుకు కొదవ లేదు. మంత్రులు టీవీల్లో కూర్చుని అదే చెప్పారు: కంగారు పడకండి, ఎప్పటిలాగే కొట్టించుకోండి అని. ప్రభుత్వం పనిగట్టుకుని కంగారు వద్దంటోందంటే కంగారు పడే సంగతేదో ఉండే ఉంటుందని ఈ దేశస్తులకూ తెలుసు. మర్నాటికల్లా మా రెడింగ్‌లో బంకు ముందు కార్ల వరస రౌండెబౌట్ దాటిపోయింది.

ఆ వరసలో నేనూ ఉన్నాను. వార్త నమ్మి కాదు. మిగతావాళ్ళు నమ్ముతారని నమ్మి. వాళ్ళంతా ట్యాంకులు నింపేసుకుంటే సోమవారం నేను ఆఫీసుకు వెళ్ళడానికి నిజంగానే చుక్క మిగలదు. నా ముందు కారాయనా, వెనక కారావిడా కూడా ఇదే లెక్క వేసుకుని వచ్చి ఉంటారు. ఇద్దరి మొహాల్లోనూ కంగారు లేదు, కాస్త సిగ్గు మాత్రం ఉంది. అలా వార్తను నమ్మనివాళ్ళమంతా కలిసి దాన్ని నిజం చేసి పెట్టాం. బంకులు ఎండిపోయాయి. కొన్నిచోట్ల మనిషికి ముప్పై పౌన్లకు మించి కొట్టబోమన్నారు. అక్టోబరు 4 నుంచి సైనికులొచ్చి ట్యాంకర్లు నడిపారు. ఒంగోలు నుంచి మా అత్తగారి ఫోను: “ఏమ్మాయ్, అక్కడ పెట్రోలు అయిపోయిందంటగా! టీవీలో చూపిస్తన్నారు.” చూపించిన వరసలో కోడలు కూడా ఉందని చెప్పలేదు.

మన తెలుగు చానళ్ళతో పోల్చి ఇక్కడి మీడియాను మెచ్చుకోవడం ప్రవాసుల్లో ఒక అలవాటు. అక్కడ అరుపులు, ఎర్ర అక్షరాలు, భూకంపం వచ్చినట్టు సంగీతం; ఇక్కడ నెమ్మదైన గొంతు, నీలం కోటు. నాకు పెద్ద తేడా కనబడదు. ఇక్కడివాళ్ళు నెమ్మదిగా హడావిడి చేస్తారు, అంతే. 2013 జులైలో జార్జ్ యువరాజు పుట్టేముందు సెయింట్ మేరీస్ ఆసుపత్రి తలుపు ఎదుట ప్రపంచం నలుమూలల కెమెరాలూ రోజుల తరబడి నిలబడ్డాయి. తలుపు తెరుచుకోలేదని గంటకోసారి మర్యాదగా చెప్పారు. చెప్పడానికి ఇక్కడేమీ లేదని ఆ ఎండలో నిలబడి ఒప్పుకున్న అప్పటి బీబీసీ విలేఖరి సైమన్ మెకాయ్ మాత్రం ఈ దేశంలో నాకు నచ్చిన జర్నలిస్టుల్లో ఒకాయన.

అంతకు ముందు ఏడాది ఆగస్టు మరీ బాగుంది. లండన్ ఒలింపిక్స్ అయిపోయాయి, పార్లమెంటుకు సెలవులు, పేపర్లకు మేత లేదు. అలాంటి ఆదివారం సాయంత్రం ఎసెక్స్‌లో, క్లాక్టన్ దగ్గర సెయింట్ ఓసిత్ అనే పల్లెలో, సెలవులకొచ్చిన వాళ్ళకు పొలంలో సింహం కనబడింది. ఒకరు ఫోటో కూడా తీశారు, దూరాన గోధుమ రంగు మచ్చ. సాయుధ పోలీసులొచ్చారు. వేడిని పసిగట్టే కెమెరాలతో హెలికాప్టర్లు తిరిగాయి. కోల్చెస్టర్ జంతుప్రదర్శనశాల వాళ్ళను పిలిపించారు, వాళ్ళ సింహాలు వాళ్ళ దగ్గరే ఉన్నాయట. రాత్రంతా చానళ్ళలో అదే. మర్నాటికి గాలింపు ఆపేశారు. అది బహుశా మా పిల్లి అయ్యుంటుందని ఆ ఊరావిడ ఒకరు చెప్పారు. మెయిన్ కూన్ అనే జాతి, ఒళ్ళంతా బొచ్చు, భారీ విగ్రహం. నల్లమల అంచు పల్లెల్లో నిజం పులి వచ్చి గేదెను ఎత్తుకుపోతే జిల్లా పేజీలో నాలుగు వాక్యాలు వేస్తారు. ఇక్కడ పిల్లికి రెండు హెలికాప్టర్లు! నేనప్పుడు ఈ దేశానికి కొత్త. వీళ్ళ పన్నులు ఎటు పోతున్నాయో ఆ రాత్రి కొంత అర్థమైంది.

ఎండల విషయంలో మాత్రం ఈ హడావిడికి ఖరీదు ఉంది. ఏటా జూన్‌లో 27 డిగ్రీలు దాటగానే దేశం పెనం మీద ఉన్నట్టు మొదటి పేజీ, కింద ఐస్‌క్రీమ్ నాకుతున్న పాప బొమ్మ. చలికాలం వస్తే అదే పేజీలో, అదే అక్షరాల్లో మంచు. ఇలా అరిచీ అరిచీ ఉన్నారా, 2022 జులైలో వాతావరణ శాఖ చరిత్రలో తొలిసారి ఎండకు రెడ్ వార్నింగ్ ఇస్తే మా ఆఫీసులో సగం మంది నవ్వారు. నాన్నా పులి కథ ఇక్కడివాళ్ళకూ ఉంది, కాకపోతే తోడేలుతో. జులై 19న లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైంది. ఈ దేశంలో ఎన్నడూ లేనంత. లండన్ తూర్పు అంచున వెనింగ్టన్‌లో ఇళ్ళు తగలబడ్డాయి. ఫైరింజన్ల వాళ్ళకు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అంత పని పడిన రోజు లేదన్నారు. “నలభైకేనా?” అని మా అత్తగారు నవ్వింది. ఆవిడకు తెలియంది ఒక్కటే, మా ఇల్లు వేడిని బయటికి పోనీయకుండా దాచుకోవడానికి కట్టింది. ఏసీ లేదు, సీలింగ్ ఫ్యాన్ లేదు, కిటికీ తెరిస్తే బెత్తెడు. ఆ ఒక్క రోజు పేపర్లు నిజం రాశాయి. నమ్మే ఓపిక ఎవరికీ మిగల్లేదు.

టమాటాల సంగతి చిన్నది. 2023 ఫిబ్రవరిలో స్పెయిన్, మొరాకోల్లో వాతావరణం దెబ్బ కొట్టింది, ఇక్కడి గ్రీన్‌హౌస్ రైతులు కరెంటు బిల్లులకు జడిసి సాగు ఆలస్యం చేశారు. కొన్ని సూపర్ మార్కెట్లు మనిషికి మూడు ప్యాకెట్లని బోర్డు పెట్టాయి. రెండు కొనుక్కునేవాళ్ళంతా మూడు కొన్నారు. ఈ కాలంలో దొరికే టర్నిప్ తినొచ్చు కదా అన్నట్టు మాట్లాడిన మంత్రి థెరీస్ కోఫీని పేపర్లు వారం పాటు వండుకు తిన్నాయి. మేం చింతపండు వేసి పప్పు చేసుకున్నాం. ఆ ఏడాది జులైలో మన దగ్గర కొన్నిచోట్ల టమాటా కిలో 200 దాటింది, ఫోన్ చేసి ఓదార్చే వంతు నాది.

హడావిడిలోనూ నిజాయితీ గలది ఉంటుంది. 2022 అక్టోబరులో ప్రధాని లిజ్ ట్రస్ ముందు పడుతుందా, లెట్యూస్ ముందు కుళ్ళుతుందా అని డైలీ స్టార్ పేపరు టెస్కోలో కొన్న ఆకు గడ్డకు విగ్గు, కళ్ళు తగిలించి కెమెరా ముందు కూర్చోబెట్టింది. గెలిచింది లెట్యూసే. ఆ వారం పెద్ద పేపర్ల రాజకీయ విశ్లేషణలు ఎన్ని చదివినా, ఫలితం ఇంత సూటిగా చెప్పింది ఇంకోటి లేదు. పైగా అది తాను వేషమని దాచలేదు.

దాచే వేషాలు ఇంకో రకం. డోవర్ తీరానికి రబ్బరు పడవల్లో వచ్చేవాళ్ళ మీద కొన్ని పేపర్లు ఏళ్ళ తరబడి మొదటి పేజీలు వేశాయి. మా ఇంటి తనఖా వడ్డీ పెరిగినా, డాక్టరు అపాయింట్‌మెంటు మూడు వారాలకు గానీ దొరక్కపోయినా, పడవ ఆ పేజీ దిగేది కాదు. 2024 జులై 29న సౌత్‌పోర్ట్‌లో డాన్సు క్లాసులో ముగ్గురు చిన్నపిల్లలను ఒకడు పొడిచి చంపాడు. నిందితుడు పడవలో వచ్చిన శరణార్థి అని గంటల్లోనే ఒక తప్పుడు పేరుతో సహా పాకిపోయింది. ఆ కుర్రవాడు పుట్టింది కార్డిఫ్‌లో. అయితే ఏం, ఆ అబద్ధాన్ని నమ్మడానికి పొలం ఎప్పుడో దున్ని ఉంది. అల్లర్లు ఊరూరా లేచాయి. రోథర్‌హామ్‌లో శరణార్థులున్న హోటలుకు నిప్పు పెట్టారు. మన హైకమిషన్ ఆగస్టు 6న జాగ్రత్తగా ఉండమని సూచన ఇచ్చింది.

బుధవారం, అంటే 7వ తేదీ రాత్రికి ఎక్కడెక్కడ దాడులు జరుగుతాయో చెబుతూ ఒక జాబితా తిరిగింది. ఎక్కువగా వలస కేసులు చూసే లాయర్ల ఆఫీసులు. మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులోకీ వచ్చింది. దుకాణాలు చెక్కలు కొట్టి మూశారు. మా వారు మధ్యాహ్నమే ఇంటికొచ్చేశారు. ఆ జాబితా ఎవరు రాశారు, నిజమా అని అడిగే తీరిక ఎవరికీ లేదు. వచ్చేవాళ్ళుంటారని నమ్మి వాల్తమ్‌స్టోలో, బ్రైటన్‌లో, బ్రిస్టల్‌లో వేలమంది అట్టముక్కల మీద నినాదాలు రాసుకుని అడ్డం నిలబడడానికి వచ్చారు. చాలాచోట్ల దాడికి రావలసినవాళ్ళే రాలేదు. వీళ్ళను చూసి ఆగారో, అసలు వచ్చే ఉద్దేశమే లేదో తేలలేదు.

మర్నాడు డైలీ మెయిల్‌తో సహా చాలా పేపర్లు ఆ జనాన్ని మెచ్చుకుంటూ మొదటి పేజీ నిండా ఫోటో వేశాయి. పడవలకు ఆ ఒక్కరోజు చోటు దొరకలేదు.