బెలుం గుహలు – పాతాళగంగ దర్శనము

గత శీతాకాలంలో మా విభాగపు ఉద్యోగులం కొందరం కుటుంబ సమేతంగా బెలుం గుహలను సందర్శించాము. తాడిపత్రి నుండి సుమారు 30 కిలోమీటర్లు ప్రయాణించి, నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని ఆ గ్రామాన్ని చేరాము. గుహలనగానే కొండలను ఊహించుకున్న పిల్లలకు అక్కడ చదునైన నేలే కనిపించింది. ఆ నేలలోనే బావుల వంటి గోతులున్నాయి. 'బిలం' అన్న మాట నుండే ఈ పేరు వచ్చిందంటారు.

లోనికి దిగేముందు మాలో ఒకరు బిస్కెట్ల పొట్లపు కాగితాన్ని ఒక గోతిలోకి విసిరారు. మేమెవ్వరమూ వారించలేదు.

వాన నీరు బొగ్గుపులుసు వాయువును గ్రహించి స్వల్పంగా ఆమ్లగుణం పొందుతుంది. అది సున్నపురాతిని లక్షల ఏళ్లు కరిగించగా సొరంగాలు ఏర్పడ్డాయి. పైకప్పు కూలిన చోట్ల ఈ గోతులు వెలిశాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహలను గురించి వ్రాశారు. 1982–83లో జర్మనీ అన్వేషకుల బృందం వీటిని కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. 2002లో సందర్శకులకు తెరచిన భాగం దాదాపు ఒకటిన్నర కిలోమీటరు.

లోపల ఉక్క విపరీతం. గొట్టాల ద్వారా గాలిని పంపుతున్నా చొక్కాలు తడిసిపోయాయి. సింహద్వారం దాటి, కోటిలింగాల గదిలో రాతి లింగాకృతులను చూసి, ఇరుకు దారిలో వంగి నడిచి పాతాళగంగను చేరాము. ప్రవేశద్వారానికి 46 మీటర్ల లోతున సన్నని నీటిపాయ నిశ్శబ్దంగా పారుతూ రాళ్లలో అదృశ్యమవుతోంది.

"ఈ నీళ్లు ఎక్కడికి పోతాయి?" అని ఒక బాలుడు అడిగాడు.

"మా ఊరి బావికే చేరతాయని పెద్దల నమ్మకం, బాబూ," అన్నాడు దారి చూపుతున్న గ్రామస్థుడు. 1988 వరకు చుట్టుపక్కల చెత్తను ఈ గోతుల్లోనే పోసేవారనీ, తరువాత పోలీసు అధికారులు, గ్రామస్థులు కలిసి శుభ్రపరిచారనీ చెప్పాడు.

మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. మామూలు నేలలో మట్టి పొరలు నీటిని వడగట్టుతాయి. సున్నపురాతి బిలాలలో ఆ వడపోత ఉండదు. పైన పడినది వాననీటితో సూటిగా అడుగుకు చేరుతుంది.

తిరిగి వచ్చేటప్పుడు మా మిత్రుడు ఎవరితోనూ చెప్పకుండా ఆ గోతి అడుగున కాగితాన్ని వెదకి జేబులో వేసుకున్నారు. ఈ గుహలకు వెళ్లే సోదర ఉద్యోగులు నూలు దుస్తులు ధరించి, మంచినీరు వెంట తీసుకొని వెళ్లగలరు. ఖాళీ సీసాలను మాత్రం మరువక వెనుకకు తేవలెనని మా మనవి.