బండి పాతబడ్డాకే సుఖం

ఏమండీ, బండి అమ్మేస్తున్నారట! ఎవరు చెప్పారో అడక్కండి, చెప్పను. నిజమేనా? దానికి పన్నెండేళ్ళే కదా నిండాయి! ఇన్నోవాకి పన్నెండేళ్ళంటే ఏపాటి వయసండీ? ఏ గుంతలో ఎలా దిగుతుందో మీ నడుముకి తెలిసిపోయిన బండిని, ముక్కూ మొహం తెలియనివాడి చేతిలో పెట్టేస్తారా? కాస్త ఇలా గోడ దగ్గరికి రండి. ఈ సంగతి తేలాల్సిందే.

పెద్ద బండి సుఖం పాతబడ్డాకే తెలుస్తుందని నా గట్టి నమ్మకం. కొత్తలో ఏముంటుంది చెప్పండి? సీట్ల మీద ప్లాస్టిక్కు తియ్యనివ్వరు. పిల్లలు చాక్లెట్టు విప్పితే ప్రాణం విలవిల్లాడుతుంది. పక్కన ఆటో ఆగితే ఊపిరి బిగపడుతుంది. మొదటి గీత పడేదాకా అది మన బండి కాదు, షోరూమువాళ్ళదే. ఆ గీత కాస్తా పడ్డాక చూడండి, ఎంత హాయో! బియ్యం బస్తా వేసుకోవచ్చు, తడి గొడుగు పడేయొచ్చు, మామిడికాయల బుట్ట ఒళ్ళో పెట్టుకోకుండా నేల మీదే పెట్టొచ్చు.

హైదరాబాద్ వెళ్ళినప్పుడు నాకొక సరదా ఉంది. సిగ్నల్ దగ్గర ఆగితే ముందు బండి నంబరు చూస్తాను. ఏపీ 09 అని ఉందా, అది 2014 జూన్‌కి ముందుది. రాష్ట్రం విడిపోయాక అక్కడ టీఎస్ వచ్చింది, 2024 మార్చి నుంచి టీజీ. మన ఆంధ్రలోనేమో 2019లో జిల్లాలన్నిటికీ కలిపి ఒకటే వరస, ఏపీ 39 వచ్చింది. కాబట్టి ఏపీ 16 అనో, ఏపీ 07 అనో, ఏపీ 37 అనో కనబడితే నా మొహం వెలిగిపోతుంది. పాత కాపు! ఎవరో దాన్ని ప్రేమగా చూసుకుంటున్నారన్నమాట. ఈసారి మీరూ చూడండి. ఆ పాత నంబర్ల వెనక ఎక్కువగా కనబడే ఆకారం ఏదో నేను చెప్పక్కర్లేదు.

అసలీ వ్యవహారం క్వాలిస్‌తో మొదలైంది. 2000లో బెంగళూరు పక్కన బిడదిలో తయారై వచ్చింది. చూడడానికి చక్రాలున్న పెట్టె. కానీ మొరాయించేది కాదు. పెళ్ళివారూ, ట్యాక్సీవాళ్ళూ, కాల్ సెంటర్లవాళ్ళూ ఎగబడ్డారు. అలాంటి బండిని 2005లో ఆపేశారండీ! నిక్షేపంలా అమ్ముడుపోతున్నదాన్ని ఎవరైనా ఆపుతారా? నాకిప్పటికీ ఆ కోపం పూర్తిగా పోలేదు. దాని చోట్లోకి ఇన్నోవా వచ్చింది. 2016లో క్రిస్టా అయింది, 2022 చివర్లో హైక్రాస్ వచ్చింది.

కాగితాల మీద ఇన్నోవాని ఎస్‌యూవీ అనరు, ఎమ్‌పీవీ అంటారు. పెళ్ళివారికి ఆ గొడవ ఎందుకు? దాని అన్నదమ్ములెవరో చూడండి: ఫార్చ్యూనర్, హైలక్స్. మూడూ 2004లో బయటికొచ్చిన ఒకే ప్రాజెక్టులో పుట్టాయి. అడుగున రెండు పొడవాటి ఉక్కు దూలాలు, మధ్యలో అడ్డ కమ్మీలు. బాడీని విడిగా కట్టి దాని మీద బిగిస్తారు. లారీలకీ ఇదే పద్ధతి. బరువెక్కువ, డీజిలు కాస్త ఎక్కువ తాగుతుంది, మలుపుల్లో ఊగుతుంది, అన్నీ ఒప్పుకుంటాను. కానీ ఇంటిల్లిపాదినీ, పైన క్యారియర్ మీద వాళ్ళ పెట్టెల్నీ ఏళ్ళ తరబడి మోసినా, వెనక తలుపు వేస్తే ఇవాళ్టికీ ఒకటే చప్పుడు. టప్! ఆ చప్పుడు కోసమే నేను ఒక్కోసారి తీసి మళ్ళీ వేస్తాను.

ఇంజను సంగతి. మొదటి తరం డీజిలు ఇంజను రెండున్నర లీటర్లది, శక్తి 102 హార్స్‌పవర్. అంత పెద్ద ఇంజనుకి ఇంతేనా అని మా మరిది కొడుకు పెదవి విరుస్తాడు. ఓరి నాయనా, అందుకేరా అది ఇన్నాళ్ళు బతికింది! ఉన్న సత్తువంతా పిండుకోకుండా నింపాదిగా పని చేయించుకుంటే ఏ యంత్రమైనా మన్నుతుంది. మా ఆటోనగర్ మెకానిక్ భాయ్ దగ్గరికి ఒక ట్యాక్సీ ఇన్నోవా వస్తుంది. మీటరు అయిదు లక్షలు దాటింది. హెడ్డు దించలేదు, ఇంజను విప్పలేదు. పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకి అందుకుంటుంది. భూమికీ చందమామకీ మధ్య సగటున 3,84,400 కిలోమీటర్లట. అంటే ఆ బండి చందమామ దాకా వెళ్ళి, ఇప్పుడు తిరుగు ప్రయాణంలో ఉంది! చెప్పండి, ఒళ్ళు పులకరించట్లేదూ?

అలాగని ముడుపు కట్టి వదిలేస్తే నడిచేది కాదు. దసరాకి గుమ్మడికాయ కొట్టండి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించండి, నేనూ చేస్తాను. ఆ పూజ ఇంజను ఆయిల్‌కి బదులు రాదు. మీరు ఆయిల్ ఎప్పుడు మార్పించారు? తడుముకుంటున్నారే!

ముందుగా టైమింగ్ బెల్టు. ఈ పాత ఇంజనులో అది రబ్బరుది. పైన వాల్వులూ కింద పిస్టన్లూ లయ తప్పకుండా ఆడుతున్నాయంటే దాని పుణ్యమే. తెగిందా, పిస్టన్లు వెళ్ళి వాల్వులకి కొట్టుకుంటాయి. బెల్టు ఖర్చుతో పోయేది కాస్తా ఇంజను ఖర్చవుతుంది. బండి తన వంతుగా ముందే చెబుతుంది, ముందు డయల్లో టీ-బెల్ట్ అని దీపం వెలుగుతుంది. బెల్టు మార్చకుండా ఆ దీపాన్ని మాత్రం ఆర్పించేసుకునే మహానుభావులున్నారండీ! పాత ఇన్నోవా కొనేవాళ్ళకి నేనెప్పుడూ ఒకటే చెబుతాను: రంగు తర్వాత చూడండి, బెల్టు మార్చిన బిల్లు ముందు చూపించమనండి. క్రిస్టాకి వచ్చేసరికి బెల్టు పోయి చెయిన్ వచ్చింది, ఈ బెంగ తీరింది.

తర్వాత టర్బో. హైవే మీద దౌడు తీయించి, సూర్యాపేటలో టిఫినుకి ఆగగానే తాళం తిప్పేస్తారు చూడండి, అదిగో అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకి పైగా తిరగగలదు, అదీ పల్చటి ఆయిల్ పొర మీద. ఇంజను ఆగితే ఆయిల్ ఆగిపోతుంది, వేడి మాత్రం ఎక్కడికీ పోదు. ఉన్న ఆయిల్ అక్కడే మాడి నల్లగా పేరుకుంటుంది. ఒక్క నిమిషం ఇంజనుని అలా ఆడనివ్వండి. ఆ నిమిషం ఎలా గడపాలంటారా? సీటు కిందికి పోయిన చెప్పులు వెతుక్కోండి, వెనక పిల్లల్ని లేపండి, ఇడ్లీనా పెసరట్టా తేల్చుకోండి. అసలు ఒక్క నిమిషం చాలదు!

టైర్ల మీద వయసు రాసి ఉంటుందని మీకు తెలుసా? పక్క గోడ మీద డాట్ అనే అక్షరాల వరస చివర నాలుగంకెలు చూడండి. 2319 అని ఉందనుకోండి, 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని లెక్క. పెద్దగా అరగలేదు కదా అని ఎండలో గట్టిపడిన టైరుతో కుటుంబాన్నంతా ఎక్కించుకుని వెళ్ళకూడదు. నేను పెళ్ళిళ్ళకి వెళ్ళినా బయట ఆగిన బండ్ల టైర్లు చదువుతూ ఉంటాను. మా తోడికోడలికి అది నచ్చదు. చదవనివ్వండి, పెళ్ళికూతురి చీర చూడడానికి లోపల మూడొందల మంది ఉన్నారు!

వానాకాలం వస్తే ఎలుకలు. బానెట్ కింద వెచ్చగా ఉంటుంది, వైర్లు కొరకడానికి వీలుగా ఉంటాయి, వాటికింకేం కావాలి? గుంటూరు వైపువాళ్ళం, మా దగ్గర మందుంది. పొగాకు కాడలు కట్టలా కట్టి బానెట్ కింద ఒక మూల, వేడి భాగాలకీ బెల్టులకీ తగలకుండా కట్టేస్తాను. వాసనకి ఎలుక రాదని మా నమ్మకం. నన్నడిగితే వందల రూపాయల స్ప్రేల కంటే అదే నయం.

రాజంపేట వైపు మా చుట్టం ఒకాయన కువైట్‌లో చాలాకాలం ఇంటి డ్రైవరుగా చేసి వచ్చాడు. అక్కడ ల్యాండ్ క్రూజర్లు నడిపాడు. 1951 నుంచి నడుస్తున్న వంశం అది. ఆయన మన ఇన్నోవా బానెట్ ఎత్తి మొదట చూసేది ఎయిర్ ఫిల్టరే! "ఇంజను తినేది డీజిలు కాదక్కా, గాలి. ఇసుక గాలి పోయిందా, ఇంజను అరిగిపోద్ది," అంటాడు. పల్నాడు మట్టి రోడ్ల మీద తిరిగొచ్చాక నాకు ఆయన మాటే గుర్తొస్తుంది.

ఇక తిరుమల ఘాట్. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు, అంతకంటే ముందు వస్తే జరిమానా అన్న నిబంధన ఉంది కదా. దానికి దణ్ణం పెడతాను నేను. నిండు బండిని గేరు తగ్గించి దింపాలి, బ్రేకు మీద కాలేసి కూర్చోకూడదు. బ్రేకులు కాలితే పట్టు తప్పుతాయి. రెండో గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఆ గుర్‌ర్ మనే శబ్దం, పక్కన లోయ, ఎవరి చేతిలోనో ప్రసాదం సంచి. మా అత్తగారు ప్రతి మలుపుకీ గోవిందా అంటారు. ఇంతకంటే మంచి డ్రైవింగు ఉందంటే నేనొప్పుకోను.

సీట్ల రాజకీయం మీ ఇంట్లో ఎలా ఉంటుందో గానీ, మా ఇంట్లో శాసనం ఉంది. ముందు సీటు కొత్తల్లుడిది, బిడ్డ పుట్టేదాకా. మధ్య కెప్టెన్ సీట్లు రెండూ పెద్దవాళ్ళవి. మూడో వరస పిల్లలదీ, పెళ్ళికాని బాబాయిలదీ. మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి నిజమే. అయినా పిల్లలు అక్కడే కొట్టుకు చస్తారు! పైకప్పులోంచి ఏసీ గాలి తిన్నగా మొహం మీదికి వస్తుంది, పెద్దవాళ్ళకి వినబడకుండా చిరుతిళ్ళ పొట్లాలు విప్పుకోవచ్చు. మనుషులు లేనిరోజు ఆ సీట్లు పక్కలకి మడిచేస్తే ఫ్రిజ్ పట్టేంత చోటు. ట్యాంకు 55 లీటర్లు. లీటరుకి పన్నెండు వేసుకోండి, బెజవాడ నుంచి హైదరాబాద్ వెళ్ళి తిరిగొచ్చినా ఇంకా మిగులుతుంది. బంకు దగ్గర ఆగనక్కర్లేదని మా వారికి సంబరం. బాత్రూముకీ ఆగరేమోనని మాకు భయం.

పదిహేనేళ్ళు నిండితే తుక్కేనని మీతో ఎవరన్నారు? ఢిల్లీ సంగతి మనకి అంటగట్టకండి. అక్కడ పదేళ్ళు దాటిన డీజిలు బండ్లు తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టూ దాన్నే నిలబెట్టింది. మన దగ్గర సొంత బండికి పదిహేనేళ్ళ తర్వాత మళ్ళీ తనిఖీ చేయించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఐదేళ్ళకి పొడిగించుకోవచ్చు. బ్రేకు ఇన్‌స్పెక్టరు ఎదుట బండి నిలబెట్టే రోజు నాకు పండగే. కడిగించి, లైట్లన్నీ తుడిపించి తీసుకెళ్తాను. ఒక్క మాట: పొగ పరీక్ష మాత్రం నిజంగా చేయించండి. నల్లపొగ వదిలితే అది పాత బండి కాదు, చూసుకోని బండి. వెనక స్కూటరు మీద వచ్చే పిల్లాడి ఊపిరి కూడా మన పూచీయే.

హైక్రాస్ నడిపి చూశానండీ. బాగుంది. పెట్రోలూ బ్యాటరీ కలిసి నడుపుతుంటే చడీచప్పుడూ లేదు. దూలాల ఛాసిస్ పోయి బాడీ అంతా ఒకటే కట్టు అయింది, లాగుడు ముందు చక్రాలకి వచ్చింది. మీరు రోజూ బెంజి సర్కిల్ దాకా వెళ్ళి వచ్చేవాళ్ళే అయితే నేనే దగ్గరుండి కొనిపిస్తాను. పోనీ కొత్త డీజిలే కొందామంటారా, 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిలు బండ్లకి మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. అది శుభ్రపడాలంటే అప్పుడప్పుడూ హైవే మీద దూరం పోవాలి, సందుల్లో తిరిగేవాళ్ళకి నప్పదు. కానీ మీరు నెల తిరక్కుండా శ్రీశైలమో, అరకో, పిల్లనిచ్చినవారి ఊరో పోతూనే ఉంటారు కదా! ఆ దూరాలకి ఉన్న బండే చాలు, మీకెందుకండీ కొత్తది?

ఏమిటి, ముందు నుంచి కటకట చప్పుడా? గుంతల్లోనా, స్టీరింగు తిప్పినప్పుడా? గుంతల్లోనే అయితే బుష్‌లు అయ్యుంటాయి. రబ్బరు కదా, ఏళ్ళకి గట్టిపడుతుంది. లోయర్ ఆర్మ్ బుష్‌లు మార్చి, అలైన్‌మెంట్ చేయిస్తే సరి. ఈ మాత్రానికి బండి అమ్ముకుంటారా! సోమవారం పొద్దున్నే నేను ఆటోనగర్ వెళ్తున్నాను. మీ బండి తాళం నాకివ్వండి. మీరూ వస్తానంటే పక్కన కూర్చోండి, ముందు సీటు ఇస్తాను, అల్లుడు ఊళ్ళో లేడు. బెల్టు బిల్లు మాత్రం వెతికి పెట్టండి!