వంటింటి పద్దు

తెలుగువారి ఇళ్ళలో అతిథి చూసే గది ఒకటి, ఇల్లు బ్రతికే గది మరొకటి. మొదటిది ముందుగది, రెండవది వంటిల్లు. చేతిలో నాలుగు రూపాయలు చేరినప్పుడు ముందుగదికి రంగులు వేయించడం, వంటింటిని మరుసటి ఏటికి వాయిదా వేయడం మధ్యతరగతి కుటుంబాలలో తరచుగా కనిపించే ఆనవాయితీ. రోజులో అయిదారు గంటలు ఆ గదిలోనే గడిపే మనిషి నోరు తెరిచి అడగకపోవడం ఇందుకు ఒక కారణం. ఆమె కష్టం అలవాటుగా మారి ఇతరుల కంటికి ఆనకపోవడం మరొక కారణం.

శ్రీకృష్ణదేవరాయల కంటికి మాత్రం అది ఆనింది. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని అతిథిసేవను వర్ణిస్తూ ఆయన ఒక చిన్న విషయాన్ని విడిచిపెట్టలేదు. ఎడతెగని వానలు పట్టిన రోజులలో, కళ్ళకు పొగ సోకకుండా విష్ణుచిత్తుని ఇల్లాలు కొబ్బరిచిప్పలు పొయ్యిలో రాజేసి వంట చేసేదట. అతిథులకు వడ్డించిన పదార్థాలతోపాటు వాటిని వండిన చేతి ఇబ్బందిని కూడా కవి గమనించాడు. పరికరాన్ని ఎన్నుకోవడమంటే ముందుగా ఆ ఇబ్బందిని గుర్తించడమే. ఈ సత్యాన్ని గ్రహించడానికి ఒక కుటుంబానికి పన్నెండేళ్ళు పట్టింది.

గుంటూరు జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో, మార్కెట్ యార్డులో గుమాస్తాగా పనిచేసే ఒక గృహస్థు ఉన్నాడు. తల్లి, భార్య, కుమారుడు, ఇంటర్మీడియట్ చదువుతున్న కుమార్తె ఆయన కుటుంబం. వంటింట్లో గట్టు పగిలింది. గోడ చెమ్మ పట్టింది. గదికి ఉన్నది ఒకే ఒక చిన్న కిటికీ. "ఈసారి చీటీ పాడినప్పుడు వంటిల్లు బాగుచేయిద్దాం" అని ఆయన భార్యకు పన్నెండేళ్ళ క్రితం మాట ఇచ్చాడు. మొదటి చీటీ డబ్బు చెల్లెలి పెళ్ళికి, రెండవది తండ్రి వైద్యానికి, మూడవది కుమారుని కళాశాల రుసుముకు ఖర్చయ్యాయి. ప్రతిసారీ ఆమె "ముందు అది కానివ్వండి" అన్నదే గాని మరొక మాట అనలేదు. నాలుగవ చీటీ పాడిన తరువాత లక్ష రూపాయలు చేతికి వచ్చాయి. ఈ డబ్బు కూడా చేజారితే ఆమె ఆయుష్షులో ఆ గది మారదని ఆయనకు తెలుసు.

ఆ రాత్రి భోజనాల తరువాత అందరూ కాగితం, కలం పట్టుకొని కూర్చున్నారు. కుమారుడు రెండు తలుపుల ఫ్రిజ్, పొగ గొట్టపు చిమ్నీ కావాలన్నాడు. కుమార్తె మైక్రోవేవ్ ఓవెన్ పేరు చెప్పింది. గృహస్థు తన సహోద్యోగి ఇంట్లో చూసిన ఇండక్షన్ పొయ్యిని జాబితాలో చేర్చాడు. ఒక్కొక్కరూ తమకు తెలిసిన కంపెనీ పేరు చెప్పి, అదే మేలైనదని వాదించారు. కూడి చూస్తే పరికరాలకే లక్షా ముప్పై వేలు దాటింది. గట్టు, గోడ, కుళాయి, తీగలు ఇంకా లెక్కలోకి రానేలేదు. అంతవరకు ఒక మూల మౌనంగా కూర్చున్న వృద్ధురాలు అప్పుడు నోరు విప్పింది.

"ఒరే నాయనా! నలుగురూ నాలుగు పేర్లు చెప్పారు. వండేదాన్ని ఒక్కరైనా అడిగారా?"

కాగితం మీద కలం ఆగిపోయింది. గృహస్థు భార్య వైపు తిరిగాడు. ఆమె కొంతసేపు తటపటాయించింది. "నాకు పేర్లు తెలియవండీ. పిండి రుబ్బితే మణికట్టు లాగేస్తున్నది. తిరగమోత వేస్తే ఘాటు బయటికి పోక అత్తయ్యకు దగ్గు వస్తున్నది. గట్టు ఎత్తుగా ఉండి భుజాలు నొప్పి పుడుతున్నాయి. గ్యాస్ గొట్టం పగుళ్ళు ఇచ్చింది. ఈ నాలుగూ పోతే చాలు" అన్నది. ఆ నాలుగు మాటలతో పాత జాబితా చిరిగిపోయి కొత్త జాబితా పుట్టింది. మొదటి జాబితా నిండా వస్తువుల పేర్లుండగా, రెండవ దానిలో తీరవలసిన అవసరాలు నిలిచాయి.

ఆమె పిండి రోట్లో రుబ్బవలసి రావడానికి వెనుక ఒక కథ ఉన్నది. నాలుగేళ్ళ క్రితం ఒక ఎగ్జిబిషన్‌లో, సగం ధరకే వస్తున్నదని గృహస్థు ఒక మిక్సీ కొన్నాడు. పేరు వినసొంపుగా ఉన్నది, డబ్బా మీద బొమ్మ అందంగా ఉన్నది. రెండు వానకాలాలు గడవకముందే మోటారు మాడిపోయింది. మరమ్మతు చేసే మనిషి దానిని అటూ ఇటూ తిప్పి చూసి, "దీని సామాను మన దగ్గర ఎక్కడా దొరకదండీ" అని తిరిగి ఇచ్చివేశాడు. అంగడివాడు మరుసటి ఊరికి తరలిపోయాడు. చేతిలో రసీదు కూడా లేదు. ఆనాటి నుండి పెరట్లోని రుబ్బురోలే ఆమెకు దిక్కయింది.

పూర్వం రోలుకు, తిరగలికి కంపెనీ పేరు ఉండేది కాదు. వాటిని చెక్కినవాడు తెలిసినవాడు. గంట్లు అరిగిపోతే మళ్ళీ పెట్టేవారు వీధుల వెంట కేకలు వేసుకుంటూ వచ్చేవారు. వస్తువు మీద నమ్మకం మనిషి మీద నమ్మకంగా ఉండేది. తయారీదారు కంటికి కనిపించని దూరానికి వెళ్ళిన తరువాత ఆ నమ్మకం నిలవడానికి ఒక గుర్తు అవసరమయింది. ఆ గుర్తే నేడు బ్రాండు అని పిలుచుకుంటున్నది. అయితే గుర్తు ఉన్నంత మాత్రాన నమ్మకం ఉన్నట్లు కాదు. రోలుకు గంట్లు పెట్టేవాడు వచ్చినట్లే, చెడిన యంత్రాన్ని బాగుచేసేవాడు కూడా అందుబాటులో ఉన్నప్పుడే ఆ గుర్తుకు విలువ.

మన దేశపు మిక్సీ చరిత్రే ఈ మాటకు సాక్ష్యం. 1960వ దశకంలో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు ఇంట్లో జర్మనీ దేశపు బ్రాన్ మిక్సీ చెడిపోయింది. దానిని ఇక్కడ బాగుచేసే వీలు లేకపోయింది. మన పప్పులను, పసుపుకొమ్ములను తట్టుకోగల మోటారుతో ఆయన స్వయంగా ఒక యంత్రాన్ని రూపొందించాడు. అదే సుమీత్ మిక్సీ. ఒకప్పుడు ఇంటింటా వినిపించిన ఆ పేరు తరువాతి కాలంలో మునుపటి ప్రాభవాన్ని కోల్పోయింది. చెన్నైలో పుట్టిన ప్రీతి సంస్థను 2011లో ఫిలిప్స్ కొనుగోలు చేసింది. 2021లో ఫిలిప్స్ తన గృహోపకరణాల విభాగాన్నే వేరొకరికి అమ్మివేసింది. బటర్‌ఫ్లై పేరుతో ప్రసిద్ధమైన సంస్థ 2022లో క్రాంప్టన్ చేతికి వచ్చింది. పేరు అదే ఉండవచ్చు, వెనుక ఉన్న చేతులు మారుతూ ఉంటాయి. కనుక తాతల నాటి కీర్తిని మాత్రమే చూసి వస్తువును కొనడం వివేకం కాదు.

అందుకే దంపతులు ఈసారి ముందుగా దుకాణానికి పోలేదు. బస్టాండు ప్రక్కన మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే అతని వద్దకు వెళ్ళారు. అతని అరలలో ఏ కంపెనీ సామాను ఎక్కువగా ఉన్నదో గమనించారు. "అన్నా, ఏది చెడిపోదు?" అని గృహస్థు అడిగాడు. అతడు నవ్వి, "చెడిపోనిది ఉండదు సారూ. ఏది చెడితే సాయంత్రానికి బాగుచేసి ఇవ్వగలనో అది అడగండి" అన్నాడు. మరమ్మతుకు ఎక్కువగా వచ్చే కంపెనీ నాసిరకమైనదని అనుకోవడం కూడా పొరపాటేనని అతడు వివరించాడు. ఎక్కువగా అమ్ముడుపోయేదే ఎక్కువగా మరమ్మతుకు కూడా వస్తుంది. డబ్బా మీద మోటారుకు అయిదేళ్ళ వారంటీ అని పెద్ద అక్షరాలు ఉంటాయి. జారు, బ్లేడు, కప్లరు వంటి త్వరగా అరిగే భాగాలు చాలాసార్లు ఆ హామీలోకి రావు. ఆ సంగతి చిన్న అక్షరాలలో ఉంటుంది. ఆ సాయంత్రం వారు విన్నది ఏ ప్రకటనలోనూ లేని పాఠం.

రెండవ పాఠం ముద్రలను గూర్చినది. 1947లో ఏర్పడిన ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ 1987లో భారతీయ ప్రమాణాల సంస్థగా మారినా, ఐ.ఎస్.ఐ. ముద్ర పాత పేరుతోనే నిలిచింది. ముద్రతోపాటు లైసెన్సు సంఖ్య కూడా ఉండాలి. ఆ సంఖ్య నిజమైనదో కాదో బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. గ్యాస్ పొయ్యి, రబ్బరు గొట్టం, ప్రెషర్ కుక్కరు వంటి ప్రాణాపాయానికి అవకాశమున్న వస్తువుల విషయంలో కంపెనీ పేరు కంటే ఈ ముద్రే ముఖ్యం. గ్యాస్ గొట్టాన్ని అయిదేళ్ళకు ఒకసారి మార్చవలసి ఉంటుంది. ఆ ఇంటి గొట్టానికి తొమ్మిదేళ్ళు నిండాయి. మిగిలిన పనులన్నింటికంటే ముందు, మరునాడే దానిని మార్చారు. కొన్ని వందల రూపాయలతో తీరిన ఆ పనిని ఇంతకాలం ఎవరూ తలచుకోకపోవడం గృహస్థును సిగ్గుపడేటట్లు చేసింది.

ఫ్రిజ్ విషయంలో కుమార్తె లెక్క పనికివచ్చింది. విద్యుత్తు పొదుపును తెలిపే నక్షత్రాల ముద్రను బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2006లో ప్రవేశపెట్టింది. ఏడాదికి ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయో ఆ ముద్ర మీదనే ఉంటుంది. వారు చూసిన రెండు ఫ్రిజ్‌ల మధ్య ధరలో తేడా 3,000 రూపాయలు, వినియోగంలో తేడా ఏడాదికి 60 యూనిట్లు. యూనిట్‌కు 6 రూపాయల చొప్పున మిగిలేది ఏటా 360 రూపాయలు. ఎక్కువ పెట్టిన సొమ్ము తిరిగి రావడానికి ఎనిమిదేళ్ళు దాటుతుంది. చేతిలో డబ్బు పుష్కలంగా ఉంటే ఎక్కువ నక్షత్రాలదే మేలు. వారి పరిస్థితిలో ఆ మూడు వేలు వేరొక చోట ఎక్కువ అవసరం. పైగా ఈ ప్రమాణాలను ఎప్పటికప్పుడు కఠినం చేస్తూ ఉంటారు కనుక, నక్షత్రాల సంఖ్యతోపాటు ముద్ర మీది సంవత్సరాన్ని కూడా చూడాలి. పాత ఏటి అయిదు నక్షత్రాలు, కొత్త ఏటి అయిదు నక్షత్రాలు సమానం కావు.

ఇండక్షన్ పొయ్యిని గృహస్థు తానే విరమించుకున్నాడు. అయస్కాంతం అంటుకునే అడుగు ఉన్న పాత్రలు మాత్రమే దాని మీద వేడెక్కుతాయి. ఆ ఇంట్లోని గిన్నెలలో అధికభాగం అల్యూమినియంవి, ఇత్తడివి. పొయ్యితోపాటు పాత్రలను కూడా కొనవలసి వస్తుందని ధరల చీటీ చెప్పదు. చిమ్నీ స్థానంలో కిటికీ పైన గాలిని బయటికి నెట్టే పంఖా చాలునని తేలింది. మైక్రోవేవ్‌ను కుమార్తె స్వయంగా కొట్టివేసింది.

చివరకు పద్దు ఈ విధంగా కుదిరింది. గట్టుకు రాయి, సింకు, కుళాయి, గోడపలకలు, కూలి కలిపి 46,000. తీగలు, ఎర్తింగు, 16 ఆంపియర్ల సాకెట్లు 9,000. పంఖా 2,000. పొయ్యి, గొట్టం 5,500. మిక్సీ 4,500. గ్రైండరు 5,500. ఒక తలుపు ఫ్రిజ్ 18,000. మొత్తం 90,500 రూపాయలు. మిగిలిన 9,500 రూపాయలను ఎవరూ ముట్టరాదని వృద్ధురాలు శాసించింది. పాత గట్టును పగులగొట్టినప్పుడు గోడలోని నీటి గొట్టం తుప్పుపట్టి కారుతున్నట్లు బయటపడింది. ఏళ్ళ తరబడి పట్టిన చెమ్మకు అదే మూలం. దానిని మార్చడానికి 6,000 రూపాయలు అయ్యాయి. ఆ సొమ్ము విడిగా లేకపోయి ఉంటే గ్రైండరు మళ్ళీ వాయిదా పడేది.

గట్టు కట్టే రోజున మేస్త్రీ అలవాటు ప్రకారం 34 అంగుళాల ఎత్తుకు గీత గీశాడు. ఇల్లాలిది అయిదడుగుల లోపు ఎత్తు. ఆమెను గోడ ప్రక్కన నిలబెట్టి, మోచేయి మడిచి, దానికి కాస్త దిగువగా కొలత తీసుకొమ్మని కుమారుడు చెప్పాడు. గీత రెండు అంగుళాలు క్రిందికి దిగింది. ఇన్నేళ్ళ భుజాల నొప్పికి మందు ఆ రెండు అంగుళాలే. అందుకు ఒక్క రూపాయి కూడా అదనంగా ఖర్చు కాలేదు.

ఈసారి ప్రతి వస్తువుకు రసీదు తీసుకున్నారు. తేదీ, మోడలు సంఖ్య సరిచూసి వారంటీ కార్డు మీద దుకాణం ముద్ర వేయించారు. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జులై 20న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం కొనుగోలుదారుడు తాను నివసించే చోటనే ఫిర్యాదు చేసుకోవచ్చు. అంగడివాడు ఏ ఊరికి తరలిపోయినా చట్టం తరలిపోదు. అయితే ఆ తలుపు తట్టడానికి రసీదు గట్టి ఆధారం.

అన్నీ పూర్తయిన తరువాత 3,500 రూపాయలు మిగిలాయి. ఏమి కావాలని భర్త అడిగాడు. ఈసారి ఆమె తటపటాయించలేదు. "గట్టు చివర ఇంకొకరు నిలబడేందుకు చోటున్నదండీ. ఇంకొక కత్తి, కూరలు తరిగే చెక్క ఒకటి తీసుకురండి" అన్నది. తెచ్చిన కత్తి ఎవరికని పిల్లలు ముఖముఖాలు చూసుకున్నారు. ఆ ఆదివారం గృహస్థు ఆ చెక్క ముందు నిలబడి బెండకాయలు తరిగాడు. ముక్కలు ఒక దానితో ఒకటి పొంతన లేకుండా వచ్చాయి. వృద్ధురాలు వాటిని చూసి నవ్వింది. పంఖా తిరుగుతున్నందువల్ల ఆమెకు దగ్గు రాలేదు.

యంత్రం మణికట్టు నొప్పిని తీర్చగలదు, ఘాటును బయటికి పంపగలదు. పనిని పంచుకునే మనసును మాత్రం ఏ కంపెనీ తయారుచేయదు, ఏ దుకాణం అమ్మదు. లక్ష రూపాయల పద్దులో అతి తక్కువ ఖరీదు ఆ కత్తిదీ, చెక్కదీ. ఆ ఇంట్లో వాటికి వచ్చినంత పేరు మరి దేనికీ రాలేదు.