పూత ఉంది, పిందె లేదు

రాయ్‌పూర్,
2025 ఆగస్టు 24.

వరానికి,

మొన్న ఫోనులో "పూతంతా రాలిపోతోందే, ఎవరి దిష్టి తగిలిందో, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశాను" అన్నావు చూడు, అప్పుడు నవ్వేశాను గానీ నా గుబులూ అదే. ఇక్కడ పాషన్ ఫ్రూట్ పందిరి నిండా పువ్వులు, ఒక్క పిందె లేదు. ఇప్పుడు అసలు సంగతి తెలిసింది. ఫోనులో చెబితే సగం విని "పాలు పొంగుతున్నాయే" అంటూ వంటింట్లోకి పోతావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

నిరుడు మాఘమాసంలో మా అల్లుడు కేరళ నుంచి పసుపుపచ్చ పాషన్ ఫ్రూట్లు నాలుగు తెచ్చాడు కదా. మీ సామాను అప్పటికే అట్టపెట్టెల్లో ఉంది. నీకు రెండు, నాకు రెండు. నేను ఆ రాత్రే కోసి, దోసగింజలకి మన అమ్మలు చేసినట్టు గుజ్జుతో సహా గ్లాసులో వేసి రెండు రోజులు పులవనిచ్చాను. మూడో రోజు జల్లెడలో రుద్ది కడిగితే గింజని పట్టుకున్న జిగురు తిత్తి ఊడి వచ్చేసింది. ఆ పొర ఉంటే మొలక ఆలస్యం. తడి ఆరకముందే వేలి గోరంత లోతున పెట్టేశాను. పదిహేడో రోజున మొదటి మొలక వంగిన మెడతో పైకి వచ్చింది. నువ్వేమో ఎండబెట్టి, పొట్లం కట్టి, బీరువాలో దాచి, పార్వతీపురం వెళ్ళాక శ్రావణంలో వేశావు. నీవి నెలన్నర పట్టాయంటే నీ చేతి తప్పు కాదే, గింజ పాతబడిందంతే.

మొదటి ఆకులు చూసి నేను హడలిపోయాను. పాషన్ ఫ్రూట్ ఆకు మూడు వేళ్ళుగా చీలి ఉంటుందని తెలుసు. ఇవేమో గుండ్రంగా, మామూలుగా ఉన్నాయి. కలుపు మొక్కని సాకుతున్నానా అనుకున్నాను. పీకేద్దామని చెయ్యి కూడా పెట్టాను. చిన్నతనంలో అలాగే ఉంటాయట, తీగ పెరిగాకే ఆకు చీలుతుంది.

పది మొలిచాయి. మూడింటిని నేనే చంపాను. ఇక్కడి వాళ్ళు మట్టికి నాలుగు పేర్లు చెబుతారు, నీకు గుర్తుండే ఉంటుంది: భాఠా, మటాసి, డోర్సా, కన్హార్. భాఠా ఎర్ర గులకనేల, మటాసి పసుపు పొడినేల, కన్హార్ మన నల్లరేగడి లాంటిది, డోర్సా ఈ చివరి రెండింటికీ మధ్యది. నల్లమట్టికి సారం ఎక్కువ కదా అని కన్హార్ తెప్పించి కుండీలు నింపాను. తొలి వానకే నీళ్ళు నిలిచి వేళ్ళు కుళ్ళాయి. ఈ తీగకి తిండి కావాలి గానీ కాళ్ళ కింద చెమ్మ నిలవకూడదు. తక్కినవాటిని మటాసిలోకి మార్చి, పెంటగొయ్యి ఎరువు కలిపాను. పిల్ల పెళ్ళిచూపులని నేను ఊరెళ్ళిన వారంలో వాటిలోనూ ఆరు పోయాయి. ఎవరు నీళ్ళు పోయలేదో నేను చెప్పను, ఆయన ఈ ఉత్తరం చదువుతాడు.

మిగిలింది ఒక్కటి. దాన్ని ఈ ఎండాకాలం దాటించడమే పెద్ద యజ్ఞం. మన రోహిణి కార్తె మొదలయ్యే మే 25నే ఇక్కడ నౌతపా మొదలు. మన దగ్గర రోళ్ళు పగులుతాయంటారు, ఇక్కడ తొమ్మిది రోజులు నిప్పు కురుస్తుందంటారు. నా పాత నేతచీరలు రెండు పందిరి మీద పరిచి, పొద్దునా సాయంత్రం నీళ్ళు పోశాను. ఆకు సగం రాల్చింది గానీ బతికింది. తరవాత నారింజ రెక్కల మీద నల్లచుక్కలున్న సీతాకోకచిలుకలు వచ్చి గుడ్లు పెట్టాయి. ముళ్ళ గొంగళిపురుగులు చివుళ్ళని నమిలేశాయి. కర్రపుల్లతో ఒక్కొక్కటీ ఏరాను. మందు కొట్టలేదు, ఎందుకో చెబుతాను.

పువ్వు సంగతికి రా. నేను రోజూ పూజకి పూలు కోసేటప్పుడు చూసేదాన్ని, ఎప్పుడూ మొగ్గలే! ఈ పసుపు రకం మధ్యాహ్నం భోజనాల వేళకి విచ్చుకుని రాత్రికి ముడుచుకుంటుంది. మొదటిసారి చూసి కాసేపు అక్కడే నిలబడిపోయాను. రాఖీ పువ్వు, కౌరవపాండవుల పువ్వు అని మన వైపు పిలిచేదానికి ఇది అప్పచెల్లెలు. చుట్టూ ఊదాతెలుపు దారాలు నూరుగురు కౌరవులు, మీద అయిదు పుప్పొడి తిత్తులు పాండవులు, ఆపైన మూడు కాడలు త్రిమూర్తులు. నూరూ ఉన్నాయా అని లెక్కపెట్టబోయి డెబ్భై దగ్గర తప్పాను. మనవరాలు పాషన్ అంటే ప్రేమ అనుకుంటోంది. దక్షిణ అమెరికా వెళ్ళిన క్రైస్తవ గురువులు ఆ దారాల్లో ముళ్ళకిరీటాన్ని, మూడు కాడల్లో మేకుల్ని చూసి, క్రీస్తు పడ్డ యాతనకి గుర్తుగా ఆ పేరు పెట్టారు. ఇది చెప్పగానే దాని ముఖం చిన్నబోయింది.

ఇక దిష్టి సంగతి. మా వీధి కుర్రాడొకడు కృషి విశ్వవిద్యాలయంలో చదువుతున్నాడు. అది 1987 నుంచీ మన ఊళ్ళోనే ఉంది, మనం ఒక్కనాడూ గడప తొక్కలేదు. అతను పందిరి కింద నిలబడి "ఆంటీ, ఎన్ని మొక్కలున్నాయి?" అన్నాడు. "రెండు" అన్నాను గొప్పగా. మొదటి తీగ కొమ్మ తుంచి గోడ పక్కన నాటుకున్నాను కదా. అతను నవ్వాడు. పసుపు రకం తన పుప్పొడిని తాను ఒప్పుకోదట. కొమ్మ తుంచి నాటితే అదీ అదే మొక్క, పేరుకే రెండు. వేరే గింజ నుంచి పుట్టిన తీగ పక్కన ఉండాలి. ఊదారంగు కాయల రకం తన పుప్పొడితోనే కాస్తుంది గానీ దానికి నీలగిరి, కొడగు కొండల చల్లదనం కావాలి, మన ఎండలకి ఆగదు.

పుప్పొడి మోయడానికి తేనెటీగ చాలదు. అది చిన్నది, కింద దూరి తేనె తాగి, పైన తగలకుండానే పోతుంది. నల్లగా, బొద్దుగా, ఎండు కర్రకి బెజ్జాలు పెట్టే తుమ్మెద రావాలి. దాని వీపు తిత్తులకి రాసుకుంటుంది, పక్క పువ్వులో కాడలకి అంటుతుంది. అందుకే మందు కొట్టనిది. ఎండు వెదురు ముక్కలు కూడా పందిరికి కట్టాను, మా ఆయన తుమ్మెదల్ని చీపురుతో తరుముతున్నాడు, నేను ఆయన్ని. తుమ్మెద రాకపోతే మధ్యాహ్నం రెండింటి వేళ వేలికొసతో ఈ పువ్వు పొడి ఆ పువ్వుకి రాయాలి. వాన పడకూడదు, తడిస్తే పుప్పొడి పగిలిపోతుంది.

కాబట్టి నాకు నీ తీగ కావాలి, నీకు నాది. అవి ఒకే ఊరి కాయల గింజలైనా ఏ గింజకాగింజ వేరు. అక్కచెల్లెళ్ళ మధ్య కూడా కొన్ని జంటలు కుదరవట, అందుకని ఒక్క తీగతో సరిపెట్టకు, నీ రెండు తీగల నుంచీ పంపు. నీ ఆడపడుచు కొడుకు దసరాకి వందే భారత్‌లో వస్తాడన్నావు. పార్వతీపురంలో ఎక్కితే ఆ పూటకే ఇక్కడ దిగుతాడు, కొమ్మ వాడదు. వెళ్ళేటప్పుడు నావి ఇచ్చి పంపిస్తాను. కాయ మాత్రం వచ్చే ఏటి మాటే.

పెన్సిలంత లావు, మూడు నాలుగు కణుపులున్న ముదురు తీగ ముక్కలు కొయ్యి. లేత చివర వద్దు. పై ఆకు ఒకటి ఉంచి తక్కినవి, నులితీగలు తీసెయ్యి. తడిగుడ్డలో చుట్టి, పైన ప్లాస్టిక్ సంచి వెయ్యి, మూతి బిగించకు. మొదలు వైపు ఎర్రదారం కట్టడం మర్చిపోకు. మీరు ఇక్కడున్నప్పుడు మల్లె కొమ్మ తలకిందులుగా నాటి రెండు నెలలు నీళ్ళు పోసింది నేనే.

నీ,
సీత