మా కరెంటుగాడు, కాఫీ పళ్ళు, మేం నలుగురం

నేను విశాఖలో డిగ్రీ మూడో సంవత్సరం, ఉండేది హాస్టల్లో. మా ఇంట్లో కాలేజీ మెట్టెక్కింది నేనే మొదటివాడిని. మనం ఇక్కడ నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్పులు, జీవోల గురించే ఎక్కువగా రాసుకుంటాం. ఈసారి అవి కాదు. రెండు వారాల కిందట ఒక ఆదివారం మా ఊళ్ళో గడిపాను, దాని గురించి రాస్తున్నా. కాస్త పెద్దదే అవుతుంది, ఓపికున్నవాళ్ళు చదవండి.

మాది అరకు నుంచి పాడేరు వెళ్ళే దారిలో లోపలికి ఉన్న ఊరు. శనివారం కిరండూల్ ప్యాసింజర్ ఎక్కాను. ఆ రైల్లో ఎప్పుడూ ఉండేదే, సొరంగం వచ్చినప్పుడల్లా టూరిస్టులు కేకలు వేస్తారు, ఈలలు వేస్తారు. ఆ లైన్లో 58 సొరంగాలు అంటారు. చీకట్లో అరవడానికి అంత దూరం రావడమెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. సరే, వాళ్ళ సరదా వాళ్ళది.

ముందు కరెంటుగాడి గురించి చెప్పాలి. వాడు మా కుక్క. మా ఊరికి స్తంభాలు పాతి లైను లాగిన వారంలో పుట్టాడు, అందుకే ఆ పేరు. అప్పుడు నాకు పదేళ్ళు. ఐదు పిల్లల్లో నల్లగా, బక్కగా ఉన్నవాడిని ఏరుకొచ్చాం. 'మేం' అంటే నలుగురం. నేను, పొట్టోడు, జీపోడు, మా పిన్ని కూతురు. పేర్లు రాయను, వాళ్ళకి ఇష్టం లేదు. (జీపోడికి అప్పుడు జీపు లేదు, కానీ రోజంతా నోటితో జీపు సౌండ్ చేసేవాడు. ఇప్పుడు నిజంగానే ఇంకొకరి జీపు నడుపుతున్నాడు.) కుక్క నలుగురిదీ. అన్నం పెట్టే వంతులు వేసుకున్నాం గానీ వాడు నాలుగిళ్ళలోనూ రోజూ తినేవాడు.

వాడికి మా ఆదివాసీ ఒరియా తప్ప ఇంకో భాష రాదు. 'జా' అంటే పోతాడు. తెలుగులో ఎంత పిలిచినా చెవి కూడా కదపడు. ఒకసారి ఎవరో ఆఫీసరు గారు బిస్కెట్ చూపించి 'ఇటు రా, ఇటు రా' అని బతిమాలారు. వీడు ఆయన్ని చూసి, మమ్మల్ని చూసి, అక్కడే పడుకున్నాడు. మేం నవ్వుకున్నాం. కానీ ఒకటో తరగతిలో మేమూ అంతే కదా. సారు పలక తియ్యమంటే తలుపు తియ్యమన్నారనుకుని లేచి వెళ్ళినవాడు పొట్టోడు.

ఇప్పుడు కరెంటుగాడికి పదేళ్ళు. ఊరకుక్కకి పదేళ్ళంటే తాత కింద లెక్క. ముందు పళ్ళు రెండు ఊడిపోయాయి. ఇటుకల పండగ వేటలో అడవిపంది కొట్టిన గాటు కుడి తొడ మీద ఇంకా ఉంది. ఇప్పుడు ఆ వేట ఆచారానికే మిగిలింది, వాడూ పోవడం మానేశాడు.

నేను శనివారం సాయంత్రం దిగేసరికి వాడు మా గుమ్మంలో లేడు. పొట్టోడి అరుగు మీద ఉన్నాడు. నన్ను చూసి లేచాడు, తోక ఊపాడు, చెయ్యి నాకాడు, మళ్ళీ వెళ్ళి పొట్టోడి చెప్పుల మీద తల పెట్టుకుని పడుకున్నాడు. నేను ఆరు నెలలకోసారి వచ్చేవాడిని, పొట్టోడు రోజూ పక్కనే ఉండేవాడు. కుక్క లెక్క తప్పు కాదు. అయినా ఆ రాత్రి కొంచెం కష్టంగానే అనిపించింది, దాచడమెందుకు.

ఆదివారం మా కాఫీ తోటలో పళ్ళు కోసే పని. నవంబరు నుంచి జనవరి దాకా మా వైపు ఇదే పని కదా. మాకు కూలీలని పెట్టుకునే స్తోమత లేదు, మా తోటకి వాళ్ళొస్తే వాళ్ళ తోటకి మేం వెళ్తాం. ఉదయం మంచు ఎంత ఉందంటే ముందు నడిచే మనిషి కనబడడు, దగ్గు వినబడుతుంది అంతే. కరెంటుగాడు అందరికన్నా ముందు. దారి పక్కన వలిసె పూలు పసుపుగా విరగబూసి ఉన్నాయి, వాడు వాటిలోంచి దూరి వచ్చి ఒంటినిండా పుప్పొడితో తిరిగాడు.

కాఫీ కొయ్యడం తెలియనివాళ్ళకి చెప్తున్నా. ఎర్రగా పండిన పండే కొయ్యాలి, పచ్చివి వదిలెయ్యాలి. అందుకే ఒకే చెట్టు దగ్గరికి మూడు నాలుగు సార్లు రావాలి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకే మిరియాల పాదు. ఆరు కిలోల పళ్ళు పడితే గానీ కిలో గింజ రాదు. 2019లో అరకు కాఫీకి జీఐ గుర్తింపు వచ్చింది. విశాఖలో ఒక కాఫీ షాపులో మా లోయ పేరు బోర్డు మీద చూశాను, ధర చూసి బయటికొచ్చేశాను. మా అమ్మ ఇప్పటికీ టీయే తాగుతుంది. కాఫీ చేదంట.

నాలుగు గంటలు కోశాం. నా వేళ్ళు మెత్తబడిపోయాయి, గోళ్ళ పక్కన చర్మం చీరుకుంది. చెల్లి బుట్ట నిండి రెండోది మొదలుపెడితే నాది సగమే. 'అన్నియ్యా, పెన్ను పట్టుకోడం కాదు ఇది' అంది. జీపోడు కోసేది తక్కువ, పాటలెక్కువ. కుక్క మాత్రం ప్రతి బుట్ట దగ్గరా కాసేపు కాపలా కూర్చుని, కోతులొస్తే అరిచి, పనిచేసినట్టు అలిసిపోయి పడుకునేది. (చూశారా, 'వాడు' అని రాస్తూ 'అది' అనేశాను. హాస్టల్లో ఉండి ఉండి వచ్చిన అలవాటు.)

ఆ హాస్టల్లోనే మొన్న పెద్ద వాదన జరిగింది. కాలేజీలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల దగ్గర వీధికుక్కలని తీసేసి షెల్టర్లకి పంపాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది కదా, దాని మీద. నా రూమ్మేట్ తమ్ముడిని కుక్క కరిచింది, వాడి కోపం వాడిది. నేను ఎటూ మాట్లాడలేకపోయాను. రేబీస్ వస్తే మనిషి దాదాపు బతకడు, దాంతో ఆటలొద్దు. కుక్క కరిస్తే పసుపో, ఆకు పసరో పెట్టుకుని కూర్చోకండి. సబ్బుతో, పారే నీళ్ళతో పావుగంట కడిగి వెంటనే పీహెచ్‌సీకి వెళ్ళండి, సూదులన్నీ పూర్తిగా వేయించుకోండి. మా కరెంటుగాడికి చెల్లి ప్రతి ఏడూ జూలై 6న టీకా వేయిస్తుంది. ఆ రోజు పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు.

మధ్యాహ్నం బండ మీద కూర్చున్నాం. ఆనపకాయ బుర్రలో చోడి అంబలి, కాల్చిన చిలగడదుంపలు, ఎండుచేప పచ్చడి. కరెంటుగాడు పొట్టోడి పాదం మీద కూర్చున్నాడు, పక్కన కాదు, పాదం మీదే. అప్పుడు పొట్టోడు దుంప వొలుస్తూ, ఎవరి మొహమూ చూడకుండా, 'బుధవారం ఎల్తన్నాను' అన్నాడు.

'ఎక్కడికిరా?'

'బెంగుళూరు. సెంట్రింగ్ పని. మేస్త్రీ ఐదు వేలు అడ్వాన్సు ఇచ్చేడు. అయ్య మందులకి అయిపోయింది కూడాను.'

పొట్టోడు మా నలుగురిలో లెక్కల్లో ఫస్టు. ఆశ్రమ పాఠశాలలో నాకు గుణకారాలు నేర్పింది సారు కాదు, వీడు. ఇంటర్ పాసయ్యాడు, డిగ్రీలో చేరాడు. వాళ్ళయ్యకి ఊపిరితిత్తుల జబ్బు వచ్చాక మొదటి సంవత్సరంలోనే వెనక్కి వచ్చేశాడు. తర్వాత మళ్ళీ వెళ్ళమని ఎవరం గట్టిగా అనలేదు, అంటే పొలం ఎవరు చూస్తారు?

జీపోడు తిట్టాడు. 'నాతో జీపెక్కు, క్లీనరుగా ఉందువు, ఊరొదిలి ఎందుకురా' అన్నాడు. 'నీకే ఓనరు సరిగ్గా ఇయ్యడు, నాకేటిస్తాడు' అన్నాడు పొట్టోడు. దానికి జీపోడి దగ్గర జవాబు లేదు. నేను ఓపెన్ డిగ్రీ గురించి చెప్పాను, ఇంటర్ ఉంది కాబట్టి చేరొచ్చు, పుస్తకాలు నేను పంపుతా అన్నాను. 'పగలంతా ఇనుము మోసినోడికి రాత్రి పుస్తకం తెరిస్తే నిద్రొస్తదిరా' అన్నాడు. కోపంగా అనలేదు, నాకు తెలియని విషయం చెప్పినట్టు అన్నాడు.

చెల్లి అప్పటిదాకా మాట్లాడలేదు. దానిది ఇంకో కథ. డీఎడ్ చేసింది, 2025 మెగా డీఎస్సీ రాసింది. 16,347 పోస్టులన్నారు, దానికి రాలేదు. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో వచ్చిన జీవో 3ని 2020 ఏప్రిల్లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఈ గ్రూపులో దాని గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. కానీ చెల్లి రోజూ సాయంత్రం అరుగు మీద పదిమంది పిల్లలకి చదువు చెప్తుంది, ముందు మన భాషలో చెప్పి తర్వాత తెలుగులో. ఆ పిల్లలు పలక తియ్యమంటే పలకే తీస్తారు. ఒక జీవో ఉంటే ఏమవుతుందో, లేకపోతే ఏమవుతుందో నాకు ఆ అరుగు మీద తెలిసినంత పేపర్లో తెలియలేదు.

చెల్లి ముందు, 'కరెంటుగాడిని ఎవలు చూస్తారు?' అంది.

పొట్టోడు వాడి తల మీద చెయ్యి వేసి చాలాసేపు ఊరుకున్నాడు. 'వాడికేటి, నాలుగిళ్ళు ఉన్నాయి' అన్నాడు. నాలుగిళ్ళలో నేను ఉండేది హాస్టల్లో. జీపోడు రాత్రి ఏ టైముకి వస్తాడో వాడికే తెలియదు.

తర్వాత చెల్లి పని మొదలుపెట్టింది. మేస్త్రీ పేరు, ఫోన్ నంబరు, సైటు అడ్రసు అన్నీ అడిగి నా ఫోన్లో, జీపోడి ఫోన్లో ఎక్కించింది. ఆధార్ ఒరిజినల్ ఎవరు అడిగినా ఇవ్వొద్దంది, జెరాక్సే ఇమ్మంది. అడ్వాన్సు ఐదు వేలు ఎన్ని రోజుల పనికి తీరుతుందో మేస్త్రీ చేత చెప్పించి రికార్డు చెయ్యమంది. ఈ-శ్రమ్ కార్డు ఉందా అంటే లేదన్నాడు, అక్కడే సిగ్నల్ కోసం బండ మీదికెక్కి అప్లై చేసేదాకా వదల్లేదు. ఓటీపీ రావడానికి ముప్పావుగంట పట్టింది. కుక్క కూడా బండెక్కి కూర్చుంది. మీ ఊళ్ళ నుంచి ఎవరైనా పనికి వెళ్తుంటే ఇవి చేయించండి, దయచేసి.

సాయంత్రం పళ్ళు తూకం వేస్తే అందరివీ కలిపి 112 కిలోలు. నావి ఎన్నో చెప్పను. తూకం అయ్యాక పొట్టోడు ఒక తాడు తెచ్చి కరెంటుగాడిని మా గుంజకి కట్టాడు, ఇప్పటి నుంచే అలవాటవుతాడని. తెల్లారేసరికి తాడు ముక్క ఉంది, వాడు లేడు. పొట్టోడి అరుగు మీదే ఉన్నాడు. ఊడిపోయినవి పోగా మిగిలిన పళ్ళతోనే కొరికేశాడు మరి.

సోమవారం నేను వచ్చేశాను, ఇంటర్నల్స్ ఉన్నాయి. బుధవారం రాత్రి జీపోడు ఫోన్ చేశాడు. పొట్టోడిని వాడే జీపులో అరకు దాకా తీసుకెళ్ళాడంట. కరెంటుగాడు కల్వర్టు దాకా పరిగెత్తి, అక్కడ ఆగి, చీకటి పడేదాకా కూర్చున్నాడంట. తర్వాత లేచి మా ఇంటికి పోలేదు, పొట్టోడింటికీ పోలేదు. చెల్లి అరుగు మీద, చదువుకునే పిల్లల మధ్యలో పడుకున్నాడంట. రెండు రోజులు ముద్ద ముట్టలేదు. శుక్రవారం సంతలో కొన్న ఎండుచేప తలకాయ వేస్తే తిన్నాడంట.

పొట్టోడు నిన్న ఫోటో పంపాడు. తొమ్మిదో అంతస్తు స్లాబు, ఇనుప ఊచలు, వెనక క్రేను. కింద మెసేజ్: 'అడ్వాన్సు 9 రోజుల్లో తీరుతాదంట, రికార్డు చేసేను, టీచరమ్మకి చెప్పు. ఇక్కడ కూడా ఒక కుక్క ఉంది. మన భాష రాదు దానికి. నేర్పుతున్నాను.'