పాత బొమ్మకి కొత్త గొంతు: మానేభంజాంగ్ లాండ్ రోవర్లు

డార్జిలింగ్ అనగానే మనకి గుర్తొచ్చేది 1969 నాటి ‘ఆరాధన’! టాయ్ ట్రెయిన్ పక్కనే జీపులో పాడుతూ పోయే రాజేష్ ఖన్నా, కిటికీలో పుస్తకం చాటు నుంచి దొంగచూపులు చూసే షర్మిలా టాగూర్... ఆమె షాట్లు స్టూడియోలో తీసి అతికించారని తరవాత తెలిసింది. తెలిసినంత మాత్రాన ఆ పాట మీద మోజు తగ్గిందా? ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఆ రైలు చూసి, ఫొటో దిగి తిరిగొచ్చేసేవాళ్ళే ఎక్కువ. ఇంకో పాతిక కిలోమీటర్లు ఓపిక పడితే మానేభంజాంగ్ వస్తుంది. నేపాల్ సరిహద్దుని ఆనుకున్న చిన్న ఊరు. పొద్దున్నే వీధిలో అడుగు పెడితే, పాత ఇంగ్లీషు సినిమా సెట్టులోకి వచ్చామా అనిపిస్తుంది. వరసగా లాండ్ రోవర్లు! 1950ల నాటివి. 2018లో ఆ కంపెనీ తన డెబ్బై ఏళ్ళ పండగకి ప్రత్యేకంగా ఇక్కడికొచ్చి ఫిల్ము తీసుకుంది. అప్పటికి నలభై పైచిలుకు బళ్ళు తిరుగుతున్నాయి.

ఈ బండి పుట్టింది 1948లో. యుద్ధం అయిపోయి ఇంగ్లండులో ఉక్కుకి కటకటగా ఉన్న రోజులు. రోవర్ కంపెనీ ఇంజనీరు మారిస్ విల్క్స్ తన పొలంలో వాడుకుంటున్న అమెరికన్ జీపుని చూసి, ఇలాంటిది మనమే చేస్తే పోలా అనుకున్నాడు. ఉక్కు దొరకదు గనక ఒంటికి అల్యూమినియం రేకు తొడిగాడు. కొండ వానలకి ఆ రేకు తుప్పు పట్టకపోవడం ఇక్కడివాళ్ళ అదృష్టం.

ఇక్కణ్ణించి సాందక్‌ఫూకి 31 కిలోమీటర్లు. ఎక్కేది సుమారు రెండువేల మీటర్ల నుంచి 3,636 మీటర్లకి! ఒకప్పుడు దారంతా గుండ్రాళ్ళే. మొదటి మోడల్ పెట్రోలు ఇంజను 1.6 లీటర్లది, బలం సుమారు 50 గుర్రాలు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి, శిఖరం దగ్గర సముద్రమట్టంలో దొరికే దాంట్లో మూడింట రెండు వంతులే మిగులుతుంది. మనిషికి ఆయాసం వచ్చినట్టే ఇంజనుకీ వస్తుంది. దానికి తోడు స్పేరు పార్టులు కరువు, పెట్రోలు ఖరీదు. అందుకే చాలామంది పాత ఇంజను దించేసి మహీంద్రా డీజిలు ఇంజను ఎక్కించారు.

ఎక్కించారు అని ఒక్క మాటలో అనేశాను గానీ, అది నట్టు విప్పి నట్టు బిగించినంత సుళువా? కొత్త ఇంజను వీపుకీ పాత గేర్ బాక్సు ముఖానికీ బోల్టు రంధ్రాలు కలవవు. మధ్యలో లేతు మీద చేయించిన మందపాటి ప్లేటు పెట్టాలి. అది వెంట్రుకవాసి పక్కకి జరిగినా క్లచ్చీ బేరింగులూ అరిగి చస్తాయి. పోనీ గేర్ బాక్సు కూడా కొత్తదే వేద్దామా అంటే అక్కడుంది తిరకాసు! ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ బలం పంచే ట్రాన్స్‌ఫర్ బాక్సు, ఈ బండిలో గేర్ బాక్సు వీపుకే అంటుకుని ఉంటుంది. ఒకటి తీస్తే రెండోదీ ఊడుతుంది. అదీగాక ఇందులో డిఫరెన్షియల్ నడిమధ్యన ఉండదు, కుడిపక్కకి జరిగి ఉంటుంది. కొత్త బాక్సు బలాన్ని మధ్యలోంచి పంపితే షాఫ్టు వంకరగా తిరిగి దడదడలాడుతుంది. షాఫ్టు పొడవు సరిచేయాలి, రేడియేటర్ మార్చాలి, డీజిలు బరువుకి ముందు కమాను కట్టలో ఇంకో పట్టీ వేయాలి.

అన్నీ అయ్యాక ఇంకో గండం. కొత్త ఇంజను లాగుడు ఎక్కువ. వెనక యాక్సిల్‌లోని హాఫ్ షాఫ్టులు ఈ బండికి మొదట్నించీ బలహీనతే. మొరటు డ్రైవరు లో గేరులో క్లచ్చి ఠపీమని వదిలాడా, నట్టనడి ఘాటులో షాఫ్టు ఫెళ్ళుమంటుంది. అందుకే ఇక్కడి దాజూలు (నేపాలీలో దాజూ అంటే అన్నయ్య) క్లచ్చిని పసిపిల్లాణ్ణి పడుకోబెట్టినంత మెల్లగా వదులుతారు.

పాత బళ్ళు పోగుచేసే షోకిలాలు వీటిని చూసి పెదవి విరుస్తారు. ఇంజను మారితే అసలుది కాదట! ఆ మాటే మా దాజూతో అంటే నవ్వేశాడు.

“పాత ఇంజనే ఉంటే ఇది మ్యూజియంలో ఉండేది సార్, నేను ఊళ్ళో ఖాళీగా ఉండేవాణ్ణి.”

నేనూ ఆయన పక్షమే. 1974లో ఘంటసాల పోయాక అదే రామారావుకి, అదే నాగేశ్వరరావుకి బాలు పాడలేదా? మొదట్లో సణిగినవాళ్ళే తరవాత ఈలలు వేశారు.

ఆయన భయం వేరే. దారి చాలామటుకు సిమెంటు అయిపోయింది, కొత్త బొలేరోలు కూడా పైకి వస్తున్నాయి. గుండ్రాళ్ళు పోతే ముసలి బండిని ఎవరెక్కుతారు? నడుము నొప్పి పుట్టించే రోడ్డే వీళ్ళకి అన్నం పెట్టింది మరి!

అన్నట్టు, ఇది చదివి మీ తాతగారి జీపు మీద ప్రయోగం మొదలెట్టేరు! మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, 2019లో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. ముందు ఆర్.టి.ఓ. ఆఫీసులో అడగండి, తరవాతే స్పానరు పట్టండి.

వెళ్ళేవాళ్ళు హౌరా మీదుగా న్యూ జల్పాయిగురి చేరి, మిరిక్, సుఖియాపోఖ్రి దారి పట్టండి. నవంబరులో ఆకాశం తేటగా ఉంటుంది. స్వెట్టరు ఒకటి చాలదు, రెండు తీసుకెళ్ళండి. కాళీపోఖ్రి దాటాక ఆఖరి ఎక్కుడు మొదలవుతుంది. అక్కడ డీజిలు గొంతు బొంగురుపోతుంది, రేకులన్నీ గలగలమంటాయి, మాటలు వినపడవు. ముందు సీటు ఇమ్మని దాజూని బతిమాలండి. వెనక పక్క బెంచీలో కూర్చుంటే ఎవరెస్టు, కాంచనగంగ కనపడే లోపు మీ తల టాపుకి నాలుగుసార్లన్నా కొట్టుకుంటుంది.