అన్నమాచార్యుల జన్మసంవత్సరం: ఒక వాక్యం, రెండు అన్వయాలు

అన్నమాచార్యుల జన్మసంవత్సరం కొన్ని గ్రంథాల్లో 1408, కొన్నింట 1424. తిరుపతిలో ఈ పరిశోధన చేస్తూ చాలాకాలం నేను రాగిరేకు మీది పీఠికా వాక్యం దగ్గరే నిలిచిపోయాను. శక 1346 క్రోధిని పేర్కొని, ఆయన అవతరించిన పదహారేండ్లకు స్వామి ప్రత్యక్షమైనట్లు చెబుతుందది. క్రోధిని అవతరణకు అన్వయిస్తే 1424. ప్రత్యక్షానికి అన్వయిస్తే 1408. మనుమడు చిన్నన్న ద్విపద ఇక్కడ అంతగా తోడ్పడదు. భక్తుని మహిమ చెప్పడం దాని ధర్మం. రేకు ధర్మం వేరు. అది జీవితచరిత్ర కాదు, సంకీర్తనలకు శీర్షిక. స్వామి ప్రత్యక్షమైనది మొదలు శక 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి వరకు విన్నవించినవని దాని తాత్పర్యం. చివరి తేదీ రచనకు అవధి అయినప్పుడు మొదటిదీ రచనకే చెందాలి. కనుక 1408నే స్వీకరిస్తున్నాను. ఆయుష్షు అప్పుడు 79 కాదు, 95. సాళువ నరసింహుని సంకెల ఘట్టంలో కవి వయస్సును మళ్లీ లెక్కకట్టుకోవాలి.